శ్రీహరి ఆటకి రాయని రివ్యూ

గుడివాడలో సాయిశరణ్ ట్యూషన్ పిల్లలకి లెక్కల మాస్టారు. ఫోన్లో అతని వీడియోలు చూసే ఓ నాలుగు వేల మందికి మాత్రం ముక్కుసూటి మాస్టారు. పేకముక్కల్లాంటి కార్డులతో ఆడే ఆటలుంటాయి చూడండి, పొత్తులు కలిపేవి, గద్దెలు కూల్చేవి, బుర్ర వేడెక్కించేవి. వాటిని తెప్పించుకుని, పదేసిసార్లు ఆడి, బాగుంటే బాగుందని, లేకపోతే దండగని మొహమాటం లేకుండా చెప్పడం అతనికి సరదా. "నాకు అబద్ధం చెప్పడం రాదండీ" అని ప్రతి వీడియో చివరా అంటాడు. అనేటప్పుడు కాస్త గర్వం కూడా ఒలకబోస్తాడు.

అబద్ధం చెప్పడం రాదేమో గానీ, దాక్కోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఆ సంగతి వాళ్ళమ్మ శేషారత్నం గారికి తెలుసు. శ్రీహరికి తెలిసిందో లేదో అడగడానికి ఇప్పుడు శ్రీహరి లేడు.

శ్రీహరి బందరు కాలేజీలో సాయిశరణ్ రూమ్మేటు. నాగాయలంక దాటాక సముద్రం వైపున్న ఓ పల్లె వాళ్ళది. తండ్రి ఏడుకొండలు చేపల వేటకి వెళ్ళేవాడు. కొడుక్కి పడవ ఎక్కడం కన్నా పడవ మీద పేరు రాయడం ఇష్టం. ఆ చుట్టుపక్కల పడవల మీద పేర్లూ, చేప బొమ్మలూ సగం అతను వేసినవే. సాయిశరణ్‌ది తాతల కాలం నుంచీ బడిపంతుళ్ళ కుటుంబమని అతన్ని అప్పుడే "మాస్టారూ" అని ఏడిపించేవాడు. ఆ పిలుపే ఉండిపోయింది.

పోయిన ఏప్రిల్లో శ్రీహరి ఓ అట్టపెట్టె పంపాడు. లోపల తను చేత్తో గీసి లామినేషన్ చేయించిన అరవై కార్డులు, రెండు పేజీల రూల్సు. ఆట పేరు కడలి కొలువు. సముద్రం అడుగున ఒక సింహాసనం, దాని కోసం నాలుగు పార్టీలు: సొరచేపలు, చందువ చేపలు, పీతలు, రొయ్యలు. రహస్యంగా పొత్తులు పెట్టుకోవచ్చు, మాటిచ్చి తప్పొచ్చు. ఒక్కో కార్డు మీద రెండంకెలు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పై అంకె బలం, నీళ్ళు వెనక్కి తీసి పాటైనప్పుడు కింది అంకె బలం. "ముందు మీరు ఆడి చెప్పండి మాస్టారూ. మీరు బాగుందంటేనే అచ్చు వేయిస్తా" అని చీటీ పెట్టాడు.

సాయిశరణ్ పదిసార్లు ఆడాడు. పదిసార్లూ సొరే గెలిచింది. ఓసారి గద్దె ఎక్కిందా, ఇక దిగదు. పీతకీ రొయ్యకీ పార్టీ ఉంది గానీ గెలిచే దారి లేదు. బొమ్మలు చూస్తే ప్రాణం లేచొస్తుంది, ఆట చూస్తే నిద్రొస్తుంది. ఈ మాట ఎవరికైనా చెప్పగలడు, శ్రీహరికి ఎలా చెప్పడం? "ఆడారా మాస్టారూ?" అని మెసేజ్ వచ్చినప్పుడల్లా "ఆడుతున్నా" అని పెట్టి ఫోను బోర్లించేవాడు. నాలుగు నెలలు అలాగే గడిపేశాడు మహానుభావుడు.

ఆగస్టులో ఓ మిట్టమధ్యాహ్నం శ్రీహరే గుడివాడ వచ్చాడు, చేతిలో బందరు లడ్డూ డబ్బాతో. గేటు చప్పుడుకి సాయిశరణ్ కిటికీలోంచి చూసి, లేనని చెప్పమని తల్లికి చేత్తో సైగ చేసి, లోపలి గదిలోకి తప్పుకున్నాడు. ఆవిడ పాపం చెప్పింది. "పర్లేదమ్మా, కాసేపు చూస్తాను" అన్న మాట గోడ అవతలికి స్పష్టంగా వినబడింది. గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి లోపలికి రమ్మంటే కొడుకు ఎక్కడ దొరికిపోతాడోనని ఆవిడా పిలవలేకపోయింది. పది నిమిషాల తర్వాత గేటు గడియ పడింది.

"ఆ అబ్బాయి కళ్ళు పచ్చగా ఉన్నాయిరా. ఒంట్లో బాలేదేమో, ఫోన్ చేసి కనుక్కో" అంది శేషారత్నం గారు లడ్డూ డబ్బా బల్ల మీద పెడుతూ.

కనుక్కోలేదు. ఫోన్ చేస్తే ఆట గురించి చెప్పాల్సొస్తుంది కదా! కామెర్లు ముదిరిపోయి, వచ్చి వెళ్ళిన మూడో వారంలో శ్రీహరి పోయాడు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూసేటప్పటికి అయిదు రోజులైపోయింది. సాయిశరణ్ వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

డిసెంబరులో శ్రీహరి భార్య ప్రియాంక ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మీకో దణ్ణం పెట్టాలి. ఆ రోజు మీ దగ్గర్నుంచి వచ్చి ఎంత సంబరపడ్డారో! మాస్టారు చాలా బాగుందన్నారే అని పదిసార్లు చెప్పారు. వారం నుంచీ అన్నం సయించని మనిషి ఆ పూట నాలుగు ముద్దలు తిన్నారు."

సాయిశరణ్ లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"మావయ్యగారే నమ్మట్లేదండీ. పేకముక్కలకి బొమ్మలేసుకుంటూ ఒళ్ళు పట్టించుకోలేదు, పనికిమాలిన పనికి ప్రాణం పోగొట్టుకున్నాడు అని రోజూ తిడుతున్నారు. చచ్చిపోయిన మనిషినండీ! మీరోసారి వచ్చి, ఆడి చూపించి, ఆ మాట మీ నోటితో చెప్పండి. మీరు అబద్ధం చెప్పరని ఆయనెప్పుడూ అనేవారు."

మర్నాడే బయల్దేరాడు. పామర్రులో బస్సు మారి, అవనిగడ్డలో ఇంకోటి ఎక్కి, ఒళ్ళో అట్టపెట్టెతో దారి పొడుగునా ఒకటే అనుకున్నాడు. బాగోలేని ఆటని బాగుందని చెప్పి వచ్చేయాలి. ఆ ముసలాయన కొడుకుని తిట్టుకోవడం మానేస్తే చాలు.

వసారాలో ఏడుకొండలు వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ వల్లోకి దించేశాడు. శ్రీహరి తల్లి రావమ్మ సాయిశరణ్ చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. చాప వేశారు. నలుగురుంటేనే ఆట కాబట్టి ప్రియాంక బతిమాలి మావగారిని కూడా కూర్చోబెట్టింది. సాయిశరణ్ కార్డులు పంచి, తను ఆడిన పద్ధతిలోనే చెప్పడం మొదలెట్టాడు.

"ఒక్కో రౌండు ఒక రోజండీ. రోజుకి ఒక్కొక్కరం నాలుగు కార్డులు వేయాలి. ఇవాళ పోటు, పై అంకె చూసుకోవాలి. రేపు పాటు, కింది అంకె."

"ఏంటీ? ఇవాళంతా పోటేనా?" అన్నాడు ఏడుకొండలు.

"అవునండీ."

"రోజంతా పోటు మీదుంటే మా ఊరుంటుందా బాబూ? రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. నాలుగు కార్డులన్నారుగా, కార్డుకొకటి. వాడు పుట్టిందే ఇక్కడ, తప్పెందుకు రాస్తాడు?"

సాయిశరణ్ రూల్సు కాగితం తీసి చూశాడు. పోటుకి పై అంకె, పాటుకి కింది అంకె అని ఉంది, అంతే. రోజుకి ఎన్నని శ్రీహరి రాయలేదు. సూర్యుడు తూర్పున వస్తాడని ఎవరు రాస్తారు గనక! సముద్రానికి నలభై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగిన లెక్కల మాస్టారికి ఆ పాటి లెక్క తెలీలేదు, అడగనూ లేదు.

పెద్దాయన చెప్పినట్టే ఆడారు. మొదటి కార్డుకి సొర గద్దె ఎక్కింది. రెండో కార్డుకి నీళ్ళు తీశాయి, బురదలోంచి రావమ్మ పీత వచ్చి దాన్ని లాగి పారేసింది. ప్రియాంక అత్తగారితో పొత్తు కలిపి, మూడో కార్డుకే మాట తప్పింది. "ఓసి నీ దుంపతెగ!" అని రావమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఎవరూ గద్దె మీద రెండు కార్డులు నిలవలేకపోయారు. గంట సేపు ఎవరూ చాప మీంచి కదల్లేదు. సాయిశరణ్ అన్నేళ్ళలో అన్ని ఆటలు చూశాడు గానీ ఇలాంటిది చూడలేదు.

ఆఖర్న ఏడుకొండలు చేతిలో ఓ పీత కార్డు మిగిలింది. దానికి ఓ పక్క పట్టుకారులాంటి డెక్క లేదు.

"ఇది నా పడవలోదే. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు వేటకి తీసుకెళ్తే, డెక్క ఊడిందని ఏడ్చి మళ్ళీ నీళ్ళలో వేయించాడు" అన్నాడు. ఆ కార్డు మొహానికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"చాలా గొప్ప ఆటండీ ఇది" అన్నాడు సాయిశరణ్. నిజమే చెప్పాడు. అబద్ధం చెబుదామని వచ్చినవాడికి ఆ నిజం భరించలేనంత బరువుగా ఉంది. ఒక్క ఫోన్ చేసి "రోజుకి ఎన్ని పోట్లురా?" అని అడిగి ఉంటే సరిపోయేది.

"ఆ రోజు ఆయనతో కూడా ఇదే అన్నారు కదా అన్నయ్యగారూ?" అంది ప్రియాంక కళ్ళు తుడుచుకుంటూ.

"అన్నానమ్మా."

ఏడుకొండలు కార్డు మొహం మీంచి తీసి అతని వైపు చూశాడు.

సాయంత్రం బస్సెక్కించడానికి కరకట్ట దాకా ఏడుకొండలే వచ్చాడు.

"వాడు మీతో మాట్లాడి ఉంటే, పోటు సంగతి మీకు తెలిసేది కదా బాబూ" అన్నాడు పెద్దాయన.

సాయిశరణ్ కాళ్ళు ఆగిపోయాయి. "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానండీ. లేనని చెప్పించి, గేటు దగ్గర్నుంచే పంపించేశాను."

"కోడలికి చెప్పకండి."

"చెప్పనండీ."

"గేటు దగ్గర ఎంతసేపున్నాడు?"

"పది నిమిషాలండీ."

"ఎండలోనేనా?"

"ఎండలోనేనండీ."

ఏడుకొండలు తలూపాడు. దూరంగా బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపి, అది ఆగకముందే వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచాడు.