ఇరవై ఏళ్ల నిరూపణ

"...మనిద్దరం తప్ప ఎవురు చదివినారు దాన్ని? గమ్మునుంటే పోలా, ముస్తాక్ భాయ్?" అంటున్నాడు ప్రిన్సిపాల్ ఓబులరెడ్డి.

"మీరు చదివినారా సార్?"

"చదివేవాడినైతే నీతో పనేముంది!"

గిద్దలూరు కాలేజీలో ఆల్జీబ్రా చెప్పే ముస్తాక్ అహ్మద్ ఇరవై ఏళ్ల పరిశోధనకు మిగిలింది ఒక్క సిద్ధాంతం. దాన్ని పేపర్‌గా రాసి జర్నల్‌కు పంపేటప్పుడు ఓబులరెడ్డి తన పేరు కూడా వేయించుకున్నాడు. దాంతోనే ప్రమోషన్ తెచ్చుకున్నాడు. మొన్న క్లాసులో బోర్డు మీద ఆ నిరూపణ రాస్తూ ముస్తాకే అందులో తప్పు పట్టుకున్నాడు. ఎంత ప్రయత్నించినా అది సవరణకు లొంగలేదు.

"నా సంగతి వదిలేయ్. ఆ పేపర్ పోతే నీకు మిగిలేదేంది?"

"ఏం మిగలదు సార్. దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పొద్దున్నే జర్నల్‌కు మెయిల్ పెట్టినా."