గింజ పెట్టొద్దన్న అవ్వ

మా మంత్రసానవ్వ మొన్న సోమవారం పొద్దున పోయింది. ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో నా ఈడువాళ్లు సగంమంది ఆమె చేతుల్లోకే పుట్టినారు. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే, మా ఇంటి తప్పే ముందు గుర్తొస్తోంది.

గొంగళ్లు అమ్మే మొగుడు పోతూపోతూ ఆమెకు మిగిల్చింది ఒక పొట్టి గుర్రం. ఆడమనిషి గుర్రమెక్కేదేందని ఊరు మొదట నవ్వింది. నల్లరేగడి బురదలో బండ్లు దిగబడే వానాకాలం ఒకటి ఆమె దానిమీదే కాన్పులకు తిరిగినాక ఎవరూ నవ్వలేదు.

ఆ గుర్రానికొక రోగం. గింజలు గానీ, తొలివానకు మొలిచిన పచ్చిగడ్డి గానీ ఎక్కువ తింటే గిట్టల్లో మంట పుట్టి అడుగు వేయలేదు. అందుకని అవ్వ ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, కొంచెం కొంచెంగా వేసేది. వాన పడిందంటే మూతికి చిక్కం కట్టేది. పొద్దున ముఖమైనా కడుక్కోకముందే నాలుగు గిట్టలకూ అరచెయ్యి ఆనించి వేడి చూసేది. కాన్పుకు పోయిన ప్రతి ఇంట్లో, గుర్రానికేమీ పెట్టొద్దని మరీమరీ చెప్పేది. "ఆకలైతే నిలబడతాది, కడుపు నిండితే కూలబడతాది" అనేది.

నా భార్య తొలికాన్పుకు రెండు దినాలు కష్టపడింది. గుర్రం మా వాకిట్లోనే కట్టేసి ఉండింది. బిడ్డ ఏడుపు వినగానే మా అమ్మకు సంతోషం పట్టలేదు. ఎముకలు తేలిన ఆ మూగజీవిని చూసి జాలిపడి, ఎద్దులకని నానబెట్టిన ఉలవలు గంపెడు దాని ముందు పెట్టింది. నేను చూసినాను. అవ్వ మాట గుర్తుంది కూడా. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

రెండోనాటికి గుర్రం ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి, చెమటలు కారుస్తూ నిలబడింది. అవ్వ దాన్ని తడి ఇసుకలో నిలబెట్టి గిట్టలకు తడిగుడ్డలు చుట్టింది. నేను పోయి జరిగింది చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. "మీయమ్మ ప్రేమతోనే పెట్టిందిలేప్పా. దీనికి ప్రేమ అరగదు" అంది.

పది దినాలకు గుర్రం పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆ వానాకాలమే, ఆరు మైళ్ల అవతలి పల్లెలో మా చెల్లెలికి నొప్పులొచ్చినాయి. బండి పోయే దారి కాదు. డెబ్భైకి దగ్గరపడిన అవ్వ నా చెయ్యి పట్టుకొని బురదలో నడిచింది. ఆయాసం తాళలేక దారిలో రెండుసార్లు కూర్చుండిపోయింది. మేం చేరేటప్పటికి తల్లీబిడ్డా ఇద్దరూ లేరు.

గుర్రముంటే బతికేదేమో అని నేనన్నాను.

"ఉన్నా పోయేదేమోనని అనుకో నాయనా. లేకుంటే నువ్వు బతకలేవు" అంది అవ్వ. ఆమె మాత్రం అట్ల అనుకోలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం పాడె ఎత్తినాం. ఊరి చివర ఒకాయన సైకిలు దిగి ఎదురొచ్చినాడు. భార్యకు తెల్లవారినప్పటి నుంచి నొప్పులంట. అవ్వ యాడుండాదని అడిగినాడు. ఎవరో పాడె వైపు చూపించినారు.

"మరి ఎవర్ని పిలుచుకోని పోవల్లప్పా?" అన్నాడు.

పాడె ముందుకు సాగింది. కొంతదూరం పోయి తిరిగి చూసినాను. రెండు చేతులతో సైకిలు పట్టుకొని, ఆయన ఇంకా ఆడనే నిలబడి ఉన్నాడు.