సుగుణమ్మ టీచరు గారూ, సంఘం వ్యానూ

మా చర్చి సంఘ గాయక బృందానికి పెద్దదిక్కు, రెండు తరాల పిల్లలకు లెక్కలు నేర్పిన ఉపాధ్యాయిని సుగుణమ్మ టీచరు గారు మొన్న శనివారం తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు పిలుపునందుకున్నారు. ఎంతకీ లేవకపోతే చెల్లెలు గారు వెళ్లి చూశారట. ఆ దుర్వార్త నా చెవిన పడేసరికి నేను అమలాపురంలో స్పేర్ పార్టుల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఒక చేతిలో ఇంజిన్ ఆయిల్ డబ్బా, ఇంకో చేతిలో ఆయిల్ ఫిల్టరు. రెండూ ఆమె తెమ్మన్నవే. "ఒరేయ్ డేవిడూ, ఫిల్టరు మర్చిపోయి వచ్చావంటే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తాను" అని ముందురోజు సాయంత్రం ఫోనులో గద్దించిన కంఠం అది. ఆ కంఠం ఇక వినపడదంటే నమ్మడమెలా? మా వాళ్లు పొరపాటున వేరెవరి గురించో చెబుతున్నారనుకుని మళ్లీ మళ్లీ అడిగాను.

ఆమె గురించి రాయాలంటే మా సంఘం వ్యాను గురించి రాయాలి. గోదావరి పాయకు ఆవలి లంక గ్రామాల్లోని వృద్ధులను ప్రతి ఆదివారం ఆరాధనకు తీసుకొచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దించే బండి అది. దాన్ని నడిపే భాగ్యం నాది. దీనికి ముందు మాకింకో వ్యాను ఉండేది. అది అందరిదీ. అందుకే దానిలో ఆయిలు ఎవరో ఒకరు పోసే ఉంటారని అందరూ నిశ్చింతగా ఉండేవారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు ఒక ఆదివారం ఏటిగట్టు మీద ఇంజిన్ పట్టేసి, మరి లేవలేదు. ముసలివాళ్లంతా ఎండలో గట్టున కూర్చుండిపోయారు. ఆ దృశ్యం చూసిన టీచరు గారు కొత్త బండి వచ్చిన రోజునే దాని తాళం చెవి నాకిచ్చి, బానెట్ మీద పెత్తనం మాత్రం తానుంచుకున్నారు.

ఆనాటినుంచి ఆమె శనివారాలు ఆ వ్యానుకు అంకితమయ్యాయి. తెల్లని ఇస్త్రీ చీర మీద పాత తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ బానెట్ ఎత్తేవారు. ఆయిలు మట్టం చూసే పొడవాటి ఇనుప పుల్లను మేము గేజి అంటాం. దాన్ని పైకి తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీసి, వెలుతురుకు ఎత్తి చూసేవారు. బండి సమంగా నిలిస్తేనే గేజి నిజం చెబుతుంది. మా ఊళ్లో గట్లు వాలు, దారులు వాలు; ఎగుడుదిగుడు లేని చోటు చర్చి ముందున్న సిమెంటు ఆవరణ ఒక్కటే. కనుక ఈ తంతు అంతా దేవుని ఎదుటే జరిగేది. "రెండు గీతల మధ్యనుంటే చాలురా. కింది గీత దిగితే ఇంజిన్ ఏడుస్తుంది, పై గీత దాటితే మనం ఏడుస్తాం" అనేవారు. ఆ మాట నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

కొత్తగా వచ్చిన పాస్టరు గారికి ఈ సంగతులు తెలియవు. ఒక శనివారం లంకలో ప్రార్థన కూటానికి ఆలస్యమవుతోందని ఆయన వ్యాను ఎక్కి, ప్రయాణానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. టీచరు గారు బానెట్ ఎత్తారు. "ప్రార్థన ముగిసిందండీ టీచరు గారూ, బయలుదేరదామా?" అని ఆయన అడిగితే, "ఒక్క నిమిషం అయ్యగారూ. ప్రభువు తోడుంటాడు గానీ ఆయిలు మనమే పోసుకోవాలండి" అన్నారు. తరువాతి ఆదివారం ఆ మాట ప్రసంగంలోకి ఎక్కింది. తన పేరు చెప్పలేదని ఆమె కొంచెం అలిగారు కూడా.

కోత పండుగకు మా వాళ్లు గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్లు కృతజ్ఞతార్పణగా తెస్తారు. ఒక రొయ్యల రైతు ఏకంగా ఆయిల్ డబ్బా తెచ్చి, భక్తి పొంగి, ఎవరూ చూడకుండా మొత్తం ఇంజిన్‌లో వంపేశాడు. టీచరు గారు గేజి చూసి నెత్తి పట్టుకున్నారు. "కానుకైనా సరే బాబూ, పై గీత దాటకూడదు" అని బుజ్జగించి, అదనపు ఆయిలు అతని చేతే తీయించారు.

అన్నిటికీ తలమానికం మా సంఘ కోశాధికారి శామ్యూలు గారి కథ. ఆయన క్షమిస్తారనే ధైర్యంతో రాస్తున్నాను. ఇంజిన్ కాస్త వేడెక్కాకే పాత ఆయిలు సాఫీగా దిగుతుందన్న టీచరు గారి సూత్రం ప్రకారం బండిని కొంచెంసేపు తిప్పి, ఆయన స్వయంగా కింద దూరి ఆయిలు దిగే బోల్టు విప్పారు. పోకుండా ఉంటుందని దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంతలో పెసరట్లు వచ్చాయి. తిని, చేతులు కడుక్కుని, గరాటు పెట్టి కొత్త ఆయిలు ధారగా పోశారు. అది అంతే ధారగా కిందినుంచి ఆయన చెప్పుల మీదికి వచ్చింది. బోల్టు జేబులోనే ఉంది! టీచరు గారు నవ్వలేక చర్చి మెట్ల మీద కూలబడి, "శామ్యూలు గారూ, పైనుంచి వచ్చిందంతా కిందినుంచి పోతోందని మన సంఘం ఖజానా గురించి మీరు రోజూ చెబుతారే, ఇవాళ కళ్లారా చూపించారండి!" అన్నారు. ఆ మరక ఆవరణలో ఇప్పటికీ ఉంది.

ఆమెకు కోపం రాదనుకునేరు. పాత ఆయిలును పంటకాలువలో పారబోయబోయిన ఒక పెద్దమనిషిని చర్చి గేటు దగ్గర అందరిముందూ కడిగేశారు. పాత ఆయిలంతా డబ్బాల్లో పట్టించి, చెదపట్టకుండా చర్చి బెంచీల కాళ్లకు పూయించేవారు. వేసవిలో మా ఆరాధనకు ఒక ప్రత్యేక పరిమళం ఉండేది. అలవాటైన ముక్కులు కనుక మేమెవరం పట్టించుకునేవాళ్లం కాదు.

గత నెల సంఘం మీటింగులో శామ్యూలు గారు వ్యాను అమ్మేద్దామన్నారు. "బండి పాతదైపోయింది. మీరున్నారు కాబట్టి నడుస్తోంది. మీ తర్వాత ఎవరు చూస్తారండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పులేదు. లంకలోని సంతోషమ్మ గారికి చూపు ఆనదు. ఆమె ఆ రోజు మీటింగుకు వచ్చి మూల కూర్చుని ఉన్నారు. "వ్యాను హారను వినపడితేనే నాకు ఆదివారమండీ" అని మాత్రం అన్నారు. టీచరు గారు నవ్వి, "నా తర్వాతి సంగతి నా తర్వాత మాట్లాడుకోండి. ముందు వచ్చే నెల ఆయిలు మార్చాలి" అన్నారు. నిర్ణయం వాయిదా పడింది.

ఆ ఆయిలు మార్చవలసిన శనివారమే ఆమె వెళ్లిపోయారు. నేను డబ్బాతో చర్చికి చేరేసరికి గాయక బృందమంతా ఆవరణలో నిలబడి ఉంది. భీమవరం నుంచి ఆమె తమ్ముడు గారు రావాలి, భూస్థాపన సాయంత్రం. లంకవాళ్లను తీసుకురావాలంటే వ్యాను కదలాలి. శామ్యూలు గారు నా చేతిలోని డబ్బా వంక చూశారు. చొక్కా చేతులు మడిచి, ఇంజిన్ కాస్త వేడి చేయమని సైగ చేసి, తరువాత కింద దూరారు. పాత ఆయిలు చివరి బొట్టు దిగేదాకా ఆగారు. ఫిల్టరు మార్చారు. గరాటు పెట్టబోతూ ఉలిక్కిపడి జేబు తడుముకున్నారు. "బోల్టు పెట్టాను కదా?" అని నన్నడిగారు. "పెట్టారండి" అన్నాను. వంగి తానే మళ్లీ చూసుకున్నారు. అప్పుడు మా బృందంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే అందరికీ ఏడుపు వచ్చింది. శామ్యూలు గారు కూడా ఏడ్చారు.

సమాధుల తోటలో ఆమెకిష్టమైన కీర్తనలన్నీ పాడాం. శ్రుతి తప్పాం. తప్పిందని వేలు చూపించే మనిషి లేరు. తీరని లోటు అని రాయడానికి భయంగా ఉంది. "తీరకపోవడమేంట్రా, ఎవరో ఒకరు గేజి చూడండి" అని ఆమె గద్దిస్తారేమోనని. బండికి ఆమె లోటు తీరుతుందేమో. మాకు తీరదు. ఆ పుణ్యమూర్తికి, మా నవ్వులకు మూలపుటమ్మకు, ఈ శిష్యుడి నమస్సులు.

ఆ సాయంత్రం లంకవాళ్లను ఇళ్లకు చేర్చడానికి వ్యాను మళ్లీ ఆవరణలో సిద్ధంగా ఉంది. సంతోషమ్మ గారు చేత్తో తలుపు తడుముతూ ఎక్కబోయి ఆగారు.

"రేపు ఆదివారం కదండీ. వ్యాను వస్తుందా?"

ఆమె అడిగింది నన్నే. నేను శామ్యూలు గారి వంక చూశాను. ఆయన బానెట్ ఎత్తారు. గేజి తీసి, జేబులోని తెల్ల రుమాలుతో తుడిచి, మళ్లీ ముంచి, తీసి, వెలుతురుకు ఎత్తి చూశారు.

"రెండు గీతల మధ్యనే ఉందండి సంతోషమ్మ గారూ. వస్తుంది. పొద్దున్నే సిద్ధంగా ఉండండి."