తిరగేసి బిగించిన ఫోర్కు

పుష్పలీలకు సైకిలు తొక్కడం రాదన్న సంగతి నాటింగ్‌హామ్‌లో ఆమెను ఎరిగిన తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆమె భర్త డాక్టర్ విజయభాస్కర్ ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా ఆ కథ చెప్పకుండా పంపేవాడు కాదు.

"ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఆవిడకి రేసింగ్ సైకిలు కొనిచ్చానండి. వీధి మలుపు కూడా దాటలేదు. సైకిలు ఒకవైపు, ఈవిడ ఒకవైపు. చీర చక్రంలో పడింది."

అందరూ నవ్వేవారు. పుష్పలీల కూడా నవ్వేది. ఆ రోజు తాను చీర కట్టుకోలేదనీ, ప్యాంటు వేసుకున్నాననీ మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పింది. కథకు చీరే బాగుందని అందరూ అనడంతో మానేసింది.

నిజానికి ఆమె తెనాలిలో కాలేజీకి సైకిలు మీదే వెళ్లిన మనిషి. కెమిస్ట్రీలో బియస్సీ చేసింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఊరికి అవతలి వైపున్న ఒక కాలేజీ ల్యాబులో ఆమెకు అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. పొద్దున్నే వెళ్లాలి. ఆ వేళకు బస్సు లేదు. విజయభాస్కర్ అప్పుడు ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. సిటీ సెంటర్లో ఉన్న గ్రాండిసన్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరులో సైకిలుకు ఆర్డరిచ్చాడు. అట్టపెట్టెలో వచ్చిన దాన్ని హాల్లో కూర్చుని తనే బిగించాడు. ఆమె పక్కనే నిలబడి ఒక్కొక్క నట్టూ అందించింది.

ఉద్యోగంలో చేరబోయే ముందు ఆదివారం ఒకసారి తొక్కి చూద్దామని బయలుదేరింది. వీధి చివర హ్యాండిల్ తిప్పగానే కాలికి ఏదో అడ్డం తగిలింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పేసరికి కాలేజీ వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా వంగలేదు.

తర్వాత ఎప్పుడో డ్రైవింగ్ నేర్చుకుంటానంది. "సైకిలు మీదే నిలవలేకపోయావు, కారెందుకులే లీలా, నేనున్నాగా," అన్నాడతను. కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమె దాన్ని నమ్మింది. ఆ తర్వాత బియ్యానికైనా, గుడికైనా, పిల్లల స్కూలుకైనా కోటు వేసుకుని హాల్లో కూర్చునేది. ఆయన క్లినిక్ ముగించుకుని వచ్చి తీసుకెళ్లేవాడు. ఒక్కోసారి డ్యూటీ వేళలు మారి వచ్చేవాడు కాదు. అప్పుడు కోటు విప్పి వంకీకి తగిలించేది. అలా ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి.

నిరుడు విజయభాస్కర్‌కు కంటిజబ్బు ముదిరి లైసెన్సు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. కారు అమ్మేశారు. గ్యారేజీ ఖాళీ చేయడానికి కూతురు మాయ నార్తాంప్టన్ నుంచి వచ్చింది. వెనక గోడకు వేలాడుతున్న సైకిలు చూసి, "మమ్, ఆన్‌లైన్‌లో పెట్టు. సమ్‌బడీ విల్ వాంట్ ఇట్," అంది. దాన్ని కిందికి దించి, వెళ్లిపోయింది.

అమ్మాలంటే అదేం సైకిలో చెప్పాలి. పుష్పలీల తడిగుడ్డతో తుడిచింది. స్టోరు పేరు తప్ప ఇంకేమీ లేదు. ఆ స్టోరు మూతపడి చాలా ఏళ్లయింది. ఫోన్లో పాత సైకిళ్ల వాళ్ల గ్రూపు ఒకటి కనిపిస్తే ఫొటోలు పెట్టింది. ఆ రోజుల్లో పెద్ద స్టోర్లు ఫ్యాక్టరీల దగ్గర సైకిళ్లు చేయించుకుని తమ పేరు అంటించుకునేవని ఎవరో చెప్పారు. పెడళ్ల దగ్గర, ఫ్రేము అడుగున ఉన్న నంబరు చూడమన్నారు. వెనక చక్రం ఇరుసు మీద తయారైన ఏడాది కొట్టి ఉంటుందన్నారు. తుప్పు గీకితే రెండూ దొరికాయి. సైకిలు ఈ ఊళ్లోనే, ఇప్పుడు లేని ఒక ఫ్యాక్టరీలో తయారైందని తేలింది. ఒకాయన పాత క్యాటలాగులోని దాని బొమ్మ కూడా పంపాడు.

పుష్పలీల ఆ బొమ్మను సైకిలు పక్కన పెట్టి చూసింది. ల్యాబు పనికి చదివిన మనిషి. రెండింటినీ ఒక్కొక్క భాగమే పోల్చుకుంటూ వచ్చింది. బొమ్మలో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ముందుకు వంగి ఉంది. తన సైకిలుకు వెనక్కి వంగి ఉంది. బొమ్మలో ముందు బ్రేకు ఫోర్కుకు ముందు వైపు ఉంది. తన దానికి వెనక నక్కి ఉంది. చక్రం పెడలుకు మరీ దగ్గరగా జరిగిపోయింది. పెడల్‌ను ముందుకు తెచ్చి, దాని మీద కాలు పెట్టి, హ్యాండిల్ తిప్పింది. చెప్పు కొన టైరుకు గట్టిగా తగిలింది.

చెప్పు సరిచేసుకుని కాలు మళ్లీ పెడల్ మీద పెట్టింది. తర్వాత ఇంకోసారి తిప్పింది. మళ్లీ తగిలింది.

అమ్మే ఆలోచన మానేసింది. దగ్గర్లో చర్చి హాల్లో ప్రతి గురువారం పాత సైకిళ్లు బాగుచేసుకునే చోటు ఉంది. మోరీన్ అనే రిటైరైన టీచరు దాన్ని నడుపుతుంది. సైకిలు నడిపించుకుంటూ అక్కడికి వెళ్లింది. ఆవిడ పానాలు చేతికిచ్చి పక్కన కూర్చుంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు తీగలు, చైను మార్చారు. హ్యాండిల్ మధ్యలో ఉన్న బోల్టు మాత్రం తుప్పు పట్టి కదల్లేదు. నూనె పోసి, మళ్లీ గురువారం దాకా వదిలేశారు. అప్పుడు పుష్పలీల తనే పానా పెట్టి బోల్టు వదులు చేసి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. ఫోర్కు కదిలింది. చేత్తో అరచుట్టు తిప్పింది. హ్యాండిల్ సరిచేసి బిగించింది. పని అంతే.

"దట్స్ ఆల్ ఇట్ నీడెడ్," అంది మోరీన్ సంతోషంగా. పుష్పలీల పానా తుడిచి ఆవిడ చేతికిచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రామకృష్ణారావు, వాసంతి దంపతులు భోజనానికి వచ్చారు. హాల్లో మెరుస్తున్న సైకిలు గురించి అడిగారు. విజయభాస్కర్ ఎప్పటి కథ మొదలుపెట్టాడు. చీర దాకా వచ్చాడు.

"నేను ప్యాంటు వేసుకున్నాను," అంది పుష్పలీల, అన్నం వడ్డిస్తూ. "ఈయన ఫోర్కు తిరగేసి బిగించారు. మలుపులో బూటు చక్రానికి తగిలి పడ్డాను. మొన్ననే తెలిసింది."

విజయభాస్కర్ నవ్వాడు. "నేను డాక్టర్ని గానీ మెకానిక్‌ని కాదు కదండీ," అన్నాడు. రామకృష్ణారావు కూడా నవ్వాడు. వాసంతి నవ్వలేదు.

"ఇన్నేళ్లలో మీకెప్పుడూ అనుమానం రాలేదా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"పప్పు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు విజయభాస్కర్.

వాళ్లు వెళ్లాక పుష్పలీల గిన్నెలు తీయకుండా వచ్చి ఎదుట కూర్చుంది. "మీకు తెలుసు కదూ," అంది.

ఆయన ఎదుట ఉన్న గ్లాసు పక్కకు జరిపాడు. "గ్యారేజీలో పెట్టేటప్పుడు చూశాను. నువ్వప్పుడు ఆసుపత్రిలో ఉన్నావు. చెబితే మాత్రం ఏం ఒరిగేది? చెయ్యి అప్పటికే విరిగింది."

"సరిచేసి ఉంచొచ్చుగా."

"మళ్లీ ఎక్కుతానంటావని."

"మరి ఆ కథ?"

"ఏదో నవ్వుకోడానికి లీలా. నువ్వూ నవ్వేదానివిగా."

పుష్పలీల లేచి వెళ్లి గిన్నెలు కడిగింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. నవ్విన మాట నిజమే.

వారం తర్వాత మాయ ఫోన్ చేసింది. తండ్రి చెప్పాడట. "మమ్, ఇట్స్ ఏజెస్ అగో. లెట్ ఇట్ గో," అంది.

"మీ నాన్నకి ఏనాటిదో. నాకు మొన్న ఆదివారం జరిగిందమ్మా," అంది పుష్పలీల.

సైకిలు బాగానే నడుస్తోంది. ట్రెంట్ నది గట్టు వెంబడి వెళ్తుంది. తెనాలి పిల్ల బ్యాలెన్సు ఎక్కడికీ పోలేదు. కానీ ముందు బ్రేకు కుడిచేతి వైపు ఉంది. ఆ చేతికి గట్టిగా నొక్కే బలం లేదు. పల్లం వచ్చినప్పుడల్లా దిగి నడిపించుకుంటూ వస్తుంది. వర్షం పడితే మణికట్టు వాచిపోతుంది. డ్రైవింగ్ పరీక్షకు రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మరీ భయపడుతున్నారని ఫెయిల్ చేశారు.

విజయభాస్కర్ ఆ కథ చెప్పడం మానేశాడు. ఇంటికి వచ్చేవాళ్లూ తగ్గారు. మందులషాపుకు వెళ్లొస్తావా అని ఇప్పుడు ఆమెనే అడగాలి. ఆమె వెళ్లొస్తుంది. పొద్దున, సాయంత్రం ఆయన కళ్లలో చుక్కలు వేస్తుంది. ఆయన తల వెనక్కి వాల్చి, కళ్లు తెరిచి ఉంచుతాడు. ఏదో ఒకటి మాట్లాడుతుందేమోనని చూస్తాడు. ఆమె ఒక కంట్లో వేసి, రెండో కంట్లో వేసి, సీసా మూత బిగించి వెళ్లిపోతుంది.