మగ్గాలు ఆపి విన్న పాట

నా చిన్నప్పుడు సోలాపూర్‌లోని మా పేటలో పట్టపగలు మగ్గాలు ఆగాయంటే ఎవరో పోయారని అర్థం. గల్లీలో చావు జరిగితే శవం లేచేదాకా ఒక్క కార్ఖానా కూడా నడిచేది కాదు. మిగిలిన రోజుల్లో తెల్లవారిన దగ్గర్నుంచీ ఒకటే మోత. అందుకే మా ఇళ్లలో ముద్దుమాట కూడా అరిచి చెప్పేవాళ్లు. కొత్తగా వచ్చిన కోడళ్లు పాపం తమను తిడుతున్నారనుకుని మూలన కూర్చుని ఏడ్చేవాళ్లు.

మా నాయనమ్మ కరీంనగర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ మరమగ్గాల మధ్య కూర్చుని నూలు కండెలు చుట్టింది. అక్కడ ఎంత అరిచినా మాట వినపడదు కాబట్టి ఆడవాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసి కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆమె చిన్నకొడుకు, అంటే మా చిన్నాయన, మగ్గం ముట్టనంటే ముట్టనని తాతయ్యతో గొడవపడి, పాటల పిచ్చితో హైదరాబాదు వెళ్లిపోయాడు. తాతయ్య పోయినా రాలేదు. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నాయనమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

ఒకరోజు నూలు అమ్మడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన కబురు తెచ్చాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం చిన్నాయన హైదరాబాదు రేడియోలో పాడతాడట. అప్పట్లో మా గల్లీ మొత్తానికి రేడియో ఉన్నది కార్ఖానా యజమాని సేటు ఇంట్లోనే. మగ్గాలు నడుస్తుంటే అది ఎవరికీ వినపడదు. కాసేపు ఆపుదామంటే, చావు లేకుండా ఆపడం అరిష్టమని పెద్దవాళ్లు కొందరు అడ్డుపడ్డారు. చివరికి సేటే అన్నాడు. "సచ్చినోళ్ల కోసం ఎన్నిసార్లు ఆపలే? బతికున్నోని కోసం ఒక్కపారి ఆపుదాం."

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. రేడియోను అరుగు మీద పెట్టి, నాయనమ్మను అందరికంటే ముందు కూర్చోబెట్టారు. పెట్టె గరగరలాడుతోంది. ఇంతలో పక్క గల్లీ ఆడవాళ్లు కొందరు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చారు.

"ఎవరు పోయిండ్రే?" అని ఒకామె ఏడుపు గొంతుతో అడిగింది.

"ఎవరు పోలేదక్కా. గీమె కొడుకు రేడియోల పాడుతుండు. జర కూసో" అన్నాడు సేటు.

వాళ్లూ కళ్లు తుడుచుకుని మా మధ్యనే కూర్చున్నారు. అప్పుడే చిన్నాయన గొంతు వచ్చింది.

పాడింది భజన పాట. చిన్నప్పుడు నాయనమ్మ నేర్పిందే. మధ్యలో ఒక చోట గొంతు వణికింది, మళ్లీ నిలదొక్కుకుంది. మగవాళ్లు కూడా తల దించుకున్నారు. పాట అయ్యాక అందరూ నాయనమ్మ వైపు చూశారు. ఆమె కళ్ల నిండా నీళ్లు. చేతులు జోడించి, "మస్తు పాడిండు నా కొడుకు. మీ అందరి పుణ్యాన ఇన్న" అంది. జనం సంతోషంగా లేచి పనుల్లోకి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ తలుపు దగ్గరగా వేసి, నన్ను దీపం ముందు కూర్చోబెట్టింది.

"ఏం పాట పాడిండు బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. "నువ్వు ఇన్నవు గద నాయనమ్మా" అన్నాను.

"నాకు ఇనబడక ఎన్నేండ్లాయెనో. మనిషైతే మొగం జూసి తెలుసుకుంట. పెట్టెకు మొగమేది?"

మరి అందరి ముందూ అలా ఎందుకు చెప్పావని అడిగాను. "నా కోసం పనులిడిసి వచ్చిండ్రు. ఇనబడలే అంటే వాళ్ల పానం ఎంత చిన్నబోతది" అంది. నాకు ఏడుపొచ్చింది.

గట్టిగా చెబితే పక్కింటివాళ్లకు తెలిసిపోతుందని, పాటలో ఒక్కొక్క మాటనూ పెదాలతోనే చెప్పాను. ఆమె రెప్ప వేయకుండా నా నోరే చూసింది. అంతా అయ్యాక, "వాని గొంతు ఎట్లున్నది?" అంది. గొంతును పెదాలతో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "మంచిగున్నది" అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని నా మొహంలోకే చాలాసేపు చూస్తూ కూర్చుంది.

చిన్నాయన మళ్లీ మా గడప తొక్కలేదు. నాయనమ్మ ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. నేను బీడీలు చుట్టి పిల్లల్ని పెంచి, ఇప్పుడు బీడీ కార్మికులకు కట్టిన ఈ విడీ ఘర్కుల్ కాలనీ ఇంట్లో మనవళ్లను ఆడిస్తున్నాను. ప్రేమతో ఎవరేది తెచ్చిచ్చినా, అది నాకు పనికొచ్చినా రాకపోయినా, నిండు మనసుతో అందుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా ఆ సాయంత్రం నుంచే నాకు అంటుకుంది. ఎవరు మాట్లాడుతున్నా, ఎవరు పాడుతున్నా, ఆ గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ తడబడిందో గుర్తుపెట్టుకుంటూ వింటాను, వినలేనివాళ్లు ఎవరో ఇంటి దగ్గర నన్ను అడుగుతారన్నట్టు. నాయనమ్మ అడిగిన రోజున నా దగ్గర ఒక్క మాటే ఉంది.