రెండో ఆటలో కాలిన చేను

మా అన్న నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. జనం ఇక పనికిరావని వదిలేసిపోయిన వాటిలోంచి ఒక్కో ముక్క అడిగి తెచ్చుకుని, ఇంట్లో తనకంటూ ఒక కంప్యూటర్ కట్టుకున్నాడు. దాని డబ్బాకు పక్క రేకు లేదు. లోపల ఫ్యాను తిరగడం బయటికే కనిపించేది. ఆ గాలికి బీడీల తంబాకు ఎగురుతుందని అవ్వ మొదట్లో గొణిగేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మాకున్నది ఒకే గది. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేదీ అక్కడే, నేను డిగ్రీ పుస్తకాలు చదివేదీ అక్కడే, అన్న ఆట ఆడేదీ అక్కడే.

అన్న మొదట తెచ్చిన ఆటలో సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేది. గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు ఓడ దిగి, ఎవరూ తెలియని ఆ ఊళ్లోకి వస్తాడు. రౌడీలు చెప్పే పనులు చేస్తూ పెద్దవాడవుతాడు. ఆ పనులు చేయాలనిపిస్తే చేయొచ్చు, లేదంటే దొరికిన కారెక్కి ఊరంతా తిరగొచ్చు. అంతకుముందు మేము చూసిన ఆటల్లో ఎడమ నుంచి కుడికి పోవడమే ఉండేది. ఇందులో ఏ సందులోకైనా తిరగొచ్చని తెలిసిన రోజు అన్న పని జోలికి పోకుండా, సందు తర్వాత సందు తిరుగుతూనే ఉన్నాడు.

మాటలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. కింద అక్షరాలు పడితే నేను చదివి అన్నకు చెప్పేదాన్ని. మెల్లగా అవ్వకు కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె ఆకు కత్తిరిస్తూనే తల ఎత్తి అడిగేది.

"గాయినకు తల్లిదండ్రి లేరా?"

"ఉన్నరో లేరో చెప్పలేదే అవ్వా."

"మరి అన్నం ఎక్కడ తింటడు?"

ఆ ఆటలో హీరో అన్నం తినడు, నిద్రపోడు. నీళ్లలో పడితే మాత్రం వెంటనే చచ్చిపోతాడు. "గంత పెద్దోనికి ఈత రాదా?" అని అవ్వ ప్రతిసారీ ఆశ్చర్యపోయేది. అతను తుపాకీ పట్టుకుని చేసే పనులు ఆమెకు నచ్చేవి కావు. అయినా మనిషి మీద జాలి పడింది. చివరికి అతను తన స్నేహితుడినే చంపాల్సి వస్తుంది. ఆ ఊళ్లో అన్నిటికంటే పెద్ద ఇల్లు అతనిదవుతుంది. ఆ ఇంట్లో ఒక్కడే కిటికీ దగ్గర నిలబడితే ఆట అయిపోతుంది. అన్న చేతులు పైకెత్తి అరిచాడు. అవ్వ మాత్రం "ఇల్లయితే వచ్చింది గని, ఎవలతోని ఉంటడు?" అని మళ్లీ చాట దగ్గరికి లాక్కుంది.

ఆ ఆటకు రెండో భాగం రావడానికి చాలా కాలం పట్టింది. మా ఇంటికి చేరేసరికి ఇంకొంచెం ఆలస్యమైంది. కంప్యూటర్‌లో అదనంగా ఏదో వేస్తే తప్ప అది నడవలేదు. నడిచిన రోజు అన్న ముఖం చూడాలి. ఇందులో ఒక పట్నం కాదు, మూడు పట్నాలు. వాటి మధ్య గుట్టలు, పల్లెలు, పొలాలు, రైలు పట్టాలు. హీరో ఈదుతాడు. తింటాడు. తినకపోతే చిక్కిపోతాడు, మరీ తింటే పొట్ట వస్తుంది. బట్టలు మార్చుకోవచ్చు. అతనికో అక్క ఉంది, ఆమె తిడుతుంది కూడా. మొదటి ఆటను చేసినవాళ్లు మనం ఏమేం లేవని అనుకున్నామో అన్నీ విన్నట్టుగా చేశారని అన్న అన్నాడు.

అవ్వకు మాత్రం ఒక్కటే బాధ. కోటు మనిషి లేడు.

"గాయిన ఏమైండురా?"

"ఆయన కథ అయిపోయిందే. ఇది వేరే మనిషి కథ."

"అయిపోయిందంటే? సచ్చిండా?"

"సావలే."

"మరి ఉన్నోడు యాడికి పోతడు?"

అన్న నా వైపు చూశాడు. ఆయన ఆ ఇల్లు అమ్ముకుని వేరే ఊరికి పోయి పెళ్లి చేసుకున్నాడని నేను చెప్పాను. అవ్వ నన్ను చూసి, "సదివి చెప్తున్నవా, అల్లి చెప్తున్నవా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

మొదటి ఆటను బాపు, అంటే మా నాన్న, ఎప్పుడూ కూర్చుని చూడలేదు. ఆయన పసుపు మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో పనిచేసేవాడు. ఎంత కడుక్కున్నా చెవుల మడతల్లో పసుపు మిగిలే ఉండేది. రాగానే తిని పడుకునేవాడు. రెండో ఆటలో పొలాలు కనిపించాక స్టూలు జరుపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకసారి కాలువ కనిపించింది.

"గా కాలువ ఎంబడి పోరా. యాడికి వారుతదో సూద్దాం."

అన్న ట్రాక్టరెక్కి కాలువ గట్టు వెంట పోయాడు. బాపు కొంతసేపు జాగ్రత్తగా చూసి, "నీళ్లు ఎత్తుకు ఎక్కుతున్నయి గదరా! గిది చేసినోడు పొలం సూడలే" అన్నాడు. కానీ లేవలేదు. బాపు కాలువ గురించి, పొలం గురించి అంతసేపు మాట్లాడటం మేము అప్పుడే విన్నాం. మాది బోధన్ పక్కన ఎడపల్లి. నేను చిన్న బడిలో ఉన్నప్పుడే మా వాటా పొలం బాపు అన్న అయిన పెద్దబాపుకు వదిలి, నిజామాబాద్ వచ్చేశాం. పిల్లల చదువుల కోసమని చెప్పేవారు. మేము అదే నమ్మాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న కొత్త పని మొదలుపెట్టాడు. భూమి అమ్మనని మొండికేసిన ఒక రైతు చేనును తగలబెట్టాలి. అది చేస్తేనే రెండో పట్నానికి దారి తెరుచుకుంటుంది. ఆ చేను మొక్కజొన్న అయి ఉండొచ్చు. ఒత్తుగా, మనిషి ఎత్తు దాటి ఉండటంతో మాకు చెరుకులాగే కనిపించింది. అన్న మండుతున్న సీసా విసిరాడు. మంట సాలు వెంట పరుగెత్తింది. ఇంట్లోంచి ముసలి రైతు చేతులు ఊపుకుంటూ బయటికి వచ్చాడు.

"ఆపురా! ఆపు!"

అరుస్తూ అవ్వ లేచి నిలబడింది. చాటలోని ఆకు, తంబాకు అంతా కింద పడింది. అన్న బెదిరిపోయి ఆట ఆపాడు. తెరమీద మంట ఉన్నచోటే నిలిచిపోయింది. చూస్తే స్టూలు మీద బాపు లేడు. బయట నల్లా దగ్గర కూర్చుని ముఖం మీద నీళ్లు కొట్టుకుంటున్నాడు.

మా చెరుకు కాలిపోయిన సంగతి నాకు లీలగా తెలుసు. మా చేనుతోపాటు పక్కనున్న పెద్దబాపు చేను కూడా కాలింది. గట్టు మీద కూర్చున్న బర్రెల కాపరి బీడీ పారేస్తే అంటుకుందని ఊరంతా అనుకుంది. పెద్దబాపు అతన్ని కొట్టి ఊళ్లోంచి వెళ్లగొట్టాడు. మాకు తెలిసింది అంతే.

బాపు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వ కింద పడ్డ తంబాకు ఎత్తుతోంది.

"గా పిలగాడు కాదు," అన్నాడు బాపు. "నేనే అంటువెట్టిన."

అవ్వ చేతులు ఆగిపోయాయి.

అప్పుడు చెప్పాడు. చెరుకు కోయడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు మా చేను చూసి, ఎండాకు మరీ ఎక్కువుంది, కోయలేమని ముందుకు పోబోయారు. ఆకు కాలిస్తే కోత సులువవుతుంది, అలా కాల్చేవాళ్లు కాల్చేవారు. బాపు కూడా గట్టు వెంట నీళ్లు పారించి నిప్పు పెట్టాడు. గాలి తిరిగింది. పెద్దబాపు చెరుకు ఇంకా కోతకు రాలేదు, అదంతా పోయింది. జనం ఉరికొచ్చారు. ఎవరో కాపరి చేతిలో బీడీ చూశామన్నారు.

"చెప్పాలనే అనుకున్న. మీ పెద్దబాపు వాన్ని కొడుతుంటే నోరు పెకలలే. తెల్లారి చెప్పుదాం అనుకున్న. తెల్లారేసరికి వాడు ఊళ్లె లేడు."

"ఇన్నేండ్లు నా పక్కకే ఉండి నాకు సుత చెప్పలే," అంది అవ్వ. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. తంబాకు చాటలోకి ఎత్తి, "పోయి చెప్పు. మీ అన్నకు చెప్పు, గా పిలగానికి చెప్పు. బిడ్డను తోలుకపో," అంది. నన్నెందుకు పంపిందో బస్సెక్కాక అర్థమైంది. దారిలో ఒక స్టాపులో బాపు దిగుదామన్నట్టు లేచాడు. నేను చేయి పట్టుకుంటే మళ్లీ కూర్చున్నాడు.

ఎడపల్లిలో పెద్దబాపు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. బాపు కూర్చోకుండానే చెప్పాడు. పెద్దబాపు అరుస్తాడని నేను భయపడ్డాను. ఆయన తన కుడిచేయి తిప్పి చూసుకున్నాడు.

"గీ చేతితోనే కొట్టినరా వాన్ని. నా చెరుకు వోతే వోయింది. నాతోని గసువంటి పని చేయించినవ్ గదా."

లోపలికి పోయి అంగీ తొడుక్కుని వచ్చాడు. కాపరి కోటగిరి వైపు ఉన్నాడని ఆయనకు తెలుసు. ముగ్గురం బస్సెక్కాం. పెద్దబాపు మా పక్కన కూర్చోలేదు, ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు.

కాపరి ఇప్పుడు కాలువ కింద ఎవరిదో వరి పొలం చూసుకుంటున్నాడు. రేకుల ఇల్లు కట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి మంచం వాల్చాడు.

"పటేలా, గిట్లొచ్చిండ్రేంది? అంత మంచిదేనా?"

బాపు నిలబడే చెప్పాడు. మధ్యలో మాట ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కాపరి అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక కాలువ వైపు చూస్తూ అన్నాడు.

"నాకెందుకు జెప్తున్నరు? నాకు ఎర్కనే, నేను చెయ్యలేదని. మా నాయిన సచ్చేదాంక అడిగిండు. నిజం చెప్పు కొడుకా, నేనేమన గని, బీడీ పారేసినవా అని. లేదంటే నమ్మలే. ఆయినకు జెప్పుండ్రి."

పెద్దబాపు, "మీ నాయినను యాడ వెట్టిండ్రు?" అని అడిగాడు. పొలం చివర తుమ్మచెట్ల కింద ఒక మట్టి దిబ్బ, చుట్టూ రాళ్లు. బాపు చెప్పులు విడిచి దాని ముందు నిలబడ్డాడు. అది చూసి పెద్దబాపు కూడా విడిచాడు.

"నీ కొడుకు చెయ్యలేదే," అన్నాడు బాపు, ఎదురుగా మనిషి ఉన్నట్టే. "నేను వెట్టిన నిప్పు. నీ కొడుకు నీకు నిజమే చెప్పిండు."

కాపరి కొంచెం దూరంలో మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత తువ్వాలతో ముఖం తుడుచుకుని, "చాయ్ తాగి పోండ్రి," అన్నాడు. తాగాం. వాళ్లు ఆ రోజు కలిసిపోయారని నేను చెప్పలేను. కాపరి మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. కానీ పెద్దబాపు ఎడపల్లికి పోయి, చాయ్ హోటల్ దగ్గర పదిమందిలో కూర్చుని, తప్పు తన తమ్ముడిదని, దెబ్బలు తిన్నవాడిది కాదని చెప్పాడు. తర్వాత ఎప్పుడో ఒక పెళ్లికి కాపరి ఎడపల్లి వచ్చాడని, పగలే వచ్చి అందరితో కూర్చుని తిన్నాడని విన్నాం. అది విన్న రోజు బాపు అన్నం ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

అన్న ఆ ఆటను కొన్ని వారాలు ముట్టుకోలేదు. రెండో పట్నం చూడాలన్న కోరిక ఎంతుందో మాకు తెలుసు. పొలం దగ్గరికి పోకుండా మొదటి పట్నంలోనే తిరిగి, కంప్యూటర్ బంద్ చేసేవాడు. చివరికి అవ్వే, "అది బొమ్మల చేను గద. కాలిస్తే కాల్చు, నేను అవుతల ఉంట," అని చాట తీసుకుని వాకిట్లోకి పోయింది. అన్న ఆ పని తొందరగా ముగించాడు. దారి తెరుచుకుంది.

కొన్ని రోజులకు అదే దారిలో తిరిగి వస్తుంటే చేను మళ్లీ ఉంది. పచ్చగా, నిండుగా, ఏమీ జరగనట్టు. అన్న అందరినీ పిలిచాడు.

"మల్ల మొలిసిందా?" అంది అవ్వ.

"దూరం పోయి వస్తే అన్ని మొదటి లెక్కనే అయితయే అవ్వా."

బాపు ముందుకు వంగి ఆ చేను చాలాసేపు చూశాడు.

ఆ రెండు ఆటల్లో ఏది మంచిదని తన దుకాణానికి వచ్చే కుర్రాళ్లతో అన్న ఎప్పుడూ వాదించేవాడు. రెండోదే అనేవాడు. వెడల్పులో, పనుల్లో, మనిషిని మనిషిలా చూపించడంలో మొదటిది దాని దగ్గరికి రాదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ మొదటి ఆటలోని సందులు ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. రెండోదాంట్లో ఎన్ని ఊళ్లు చూశామో, వాటిలో సగం గుర్తులేవు. చిన్నదాన్ని మొత్తం మన ఊరు చేసుకోగలిగాం. పెద్దదాంట్లో ఎప్పుడూ చుట్టాలమే. అవ్వ మాత్రం కోటు మనిషి ఉన్నదే మంచి ఆట అని తేల్చేసింది.

మరుసటి పసుపు కోతలప్పుడు పెద్దబాపు తన పసుపు బాపు పనిచేసే దుకాణానికే తెచ్చాడు. మేము నిజామాబాద్ వచ్చాక ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. అవ్వ పప్పు, మటన్ రెండూ వండింది. తిన్నాక అన్న ఉత్సాహంగా రెండో ఆట పెట్టి, ఊళ్లు, రైలు, గుట్టలు ఒక్కొక్కటీ చూపించసాగాడు. పెద్దబాపు "ఆ, ఆ" అంటూనే కుర్చీలో నిద్రపోయాడు. అన్న చప్పుడు తగ్గించాడు. బాపు లేచి టేబుల్ ఫ్యాను ఆయన వైపు తిప్పి, కింద చాప పరుచుకుని, తనూ పక్కనే నడుం వాల్చాడు.