మావయ్య ఒంటి మీది దద్దుర్లు

మా మావయ్య ఊపిరితిత్తుల్లో ఉన్నది చిన్న కణాల క్యాన్సర్ అని తేలినప్పుడు, చిన్నదే కదా అని అత్త ఊరట పడింది. అన్నిట్లోకీ గబగబా పాకే రకం అదేనని భువనేశ్వర్ డాక్టరు చెప్పేసరికి ఆ ఊరట కాస్తా ఆవిరైపోయింది. కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని ఆయనే అడిగాడు. కీమో అందరికీ ఇస్తారట. దానికి తోడు కొందరికి కొత్త మందు, కొందరికి ఉత్త సెలైను. ఎవరికి ఏదన్నది కంప్యూటరు తేలుస్తుంది. డాక్టరుకి కూడా చెప్పదు.

మావయ్య ఒడిశా బరంపురంలో దుంపల హోల్‌సేల్ వ్యాపారి. బేరం లేనిదే ఉప్పు కూడా కొనడు. భుజం మీది తువ్వాలు తీసి డాక్టరు చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు నొక్కడం మొదలుపెట్టాడు. మా మార్కెట్లో పదిమంది మధ్య గుట్టుగా ధర తేల్చుకునే పద్ధతి అది. కొత్త మందే పడేలా చూడమని ఈయన బేరం. నాడి చూడమంటున్నాడు కాబోలనుకుని డాక్టరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. తోడు వెళ్ళిన నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"తన కొట్లో సరుకేటో తనకే తెల్దంట," అన్నాడు మావయ్య తిరుగు రైల్లో. "అయినా సంతకం ఎట్టీసినాను."

పడుతున్నది సెలైనేనని అత్తకి అనుమానం. అన్నం మానేసింది. కొత్త మందైతే ఒంటి మీద దద్దుర్లు రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు, అందుకని రోజూ పొద్దున్నే మావయ్య చొక్కా విప్పించి, బస్తాలో సరుకు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేది. ఒళ్ళు నున్నగా ఉంటే ఆ పూట పొయ్యి దగ్గరికే వెళ్ళేది కాదు.

రెండో విడత అయ్యాక, చేతుల నిండా ఎర్రగా దద్దుర్లు లేచాయి. బరంపురం లంజిపల్లి పేటలో వాళ్ళింట్లో పండగే పండగ. అత్త కడుపునిండా తింది. పక్కింటికి ఛెనాపోడా పంపింది. ఏమిటి విశేషమంటే, మా ఆయనకి దద్దుర్లొచ్చాయని చెప్పింది. తినాలో వద్దో తెలియక వాళ్ళు ఆ స్వీటు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఆ దద్దుర్లే కొంప ముంచాయి. మరోసారి వెళ్ళినప్పుడు డాక్టరు వాటిని చూసి, ఇంత ఎక్కువైతే ట్రయల్ మందు ఆపెయ్యాలన్నాడు. మావయ్య ముఖం పాలిపోయింది. ఒకవేళ పడుతున్నది నిజంగా కొత్త మందే అయితే, దాన్ని చేజేతులా వదులుకున్నట్టే. గొంతు తగ్గించి, ఒడియాలో నిజం చెప్పేశాడు. అవి మందువల్ల వచ్చినవి కాదు, కొట్లోంచి పచ్చి కంద తెచ్చి తనే రుద్దుకున్నాడు, అవి చూస్తేనైనా ఆవిడ నాలుగు మెతుకులు తింటుందని. పక్కనే ఉన్న అత్తకి, బరంపురంలో పుట్టి పెరిగిన మనిషికి, ఒడియా రానట్టే చెప్పాడు మహానుభావుడు.

ఒంటికి ఇంకేదీ రాయొద్దని డాక్టరు గట్టిగా మందలించి, దద్దుర్లు తగ్గాక మందు కొనసాగిద్దామన్నాడు. నేను భయపడుతూ అత్త వైపు చూశాను. ఆవిడ మావయ్య చొక్కా గుండీలు పెడుతోంది.

"నాకు తెల్దనుకున్నారేటి? పెరట్లో కంద తొక్కలు ఊడిసింది నేనే. తినకపోతే ఇంకేటి రుద్దీసుకుంటారో అని బయమేసి తిన్నాను."